గడ్డికోత మర, దాని బెల్టు



చరిత్ర యనగానే రాజులును, యుద్ధములును, కోటలును మనకు స్ఫురించుట సహజము. ఈ పూట నేను చెప్పబూనినది వానిలో నేదియు గాదు. ఉద్యానవనములలో తోటమాలి త్రోసికొనుచు పోవు గడ్డికోత మర నెల్లరును చూచియే యుందురు. అట్టి మరలు పెక్కింటిలో ఇంజనుయొక్క శక్తిని కత్తికిగాని చక్రములకుగాని అందించు రబ్బరు బెల్టు ఒకటి యుండును. అది వదులైనచో ఇంజను హోరుమనుచునే యుండును. కత్తి మాత్రము పచ్చికను కోయక నలిపి విడుచును. "బెల్టు జారుచున్నదండీ" యని మాలి చెప్పును. ఆ చిన్నమాట వెనుక ఇంచుమించు రెండువందల యేండ్ల కథ యున్నది. ఆ కథలో ఉరిత్రాళ్లు గలవు, తెగిన చేతులు గలవు. కనుక దీనిని చరిత్ర యనుటకు నేను సంకోచింపను.

మర పుట్టకముందు ఇంగ్లండు దేశమున ధనికుల మేడలముందరి పచ్చికను రెండు విధముల పొట్టిగా నుంచెడివారు. గొఱ్ఱెలను మేపుట యొకటి. పొడుగుపిడి కొడవళ్లతో కోయించుట రెండవది. గడ్డి తడిగా నున్నప్పుడే కొడవలికి చక్కగా తెగును గాన, కోతగాండ్రు తెల్లవారుజామున మంచు ఆరకముందే పనికి దిగవలసి యుండెడిది. నేలను అంటకుండ, ఎగుడుదిగుడు లేకుండ, ఒకే యెత్తున కోయుట గొప్ప నేర్పు. ఆ నేర్పుగలవారు ఎల్లచోట్ల దొరకరు. దొరికినను గడ్డిపై కొడవలి వంపులు కనబడుచునే యుండును.

ఇంగ్లండులో గ్లౌస్టరుషైరు మండలమున స్ట్రౌడు అను ఊరు గలదు. ఆ లోయ ఉన్నివస్త్రములకు పేరుపడినది. సైనికుల యెఱ్ఱకోట్ల గుడ్డ అచటనే విస్తారముగా నేయబడెడిది. ఉన్నిగుడ్డను నేసి, తడిపి, దట్టముచేసిన పిమ్మట దానిపై నూగు లేచును. ఆ నూగును సమముగా కత్తిరించినగాని గుడ్డకు నునుపు రాదు. పూర్వము ఈ పనిని పెద్దపెద్ద కత్తెరలతో చేతిపనివారు చేసెడివారు. 1815లో ఆ ప్రాంతమువాడే జాన్ లూయిస్ అనువాడు ఒక కోతమరకు పేటెంటు పొందెను. అందు మెలికగా చుట్టిన కత్తులుగల గుండ్రని కడ్డీ యొకటి తిరుగుచు, కదలని కత్తి యంచున గుడ్డనూగును కత్తిరించును.

ఎడ్విన్ బియర్డ్ బడ్డింగ్ అను మరపనివాడు ఈ యంత్రములను ఎఱిగినవాడు. గుడ్డపై నూగు నేలపై గడ్డివంటిదే గదా యని యాతనికి తోచెను. గుడ్డ మరలోనికి వచ్చుటకు మారుగా మరయే గడ్డిమీదికి పోవలెను, భేదమంతయు నంతే. 1830వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఆతడు పేటెంటు పొందెను. ఆ మొదటి మర వెడల్పు 19 అంగుళములు. వెనుక నొక పెద్ద ఇనుపరోలు. అది నేలపై దొర్లుచుండగా పండ్లచక్రముల ద్వారమున కత్తులచుట్టు దానికంటె 16 రెట్లు వేగముగా తిరుగును. ఒకడు వెనుకనుండి త్రోయగా, వేరొకడు ముందునుండి లాగుటకు గూడ పిడి యుండెను. ఇరుగుపొరుగువారు చూడకుండుటకై బడ్డింగ్ దీనిని రాత్రులయందు పరీక్షించెనని చెప్పుదురు. జాన్ ఫెరబీ అను కర్మాగారము యజమాని ఆతనికి పెట్టుబడి పెట్టెను. లండనులోని రీజెంట్సుపార్కు జంతుప్రదర్శనశాల తొలి కొనుగోలుదారులలో నొకటి. 1832లో ఇప్స్‌విచ్‌నందలి రాన్సమ్సు వారు దీనిని తయారుచేయు ననుమతి పొందిరి.

ఇచట ఒక తేదీని మీ దృష్టికి తేవలసియున్నది. బడ్డింగ్ పేటెంటు వచ్చుటకు మూడురోజులముందు, 1830 ఆగస్టు 28వ తేదీ రాత్రి, కెంటు మండలమున కాంటర్‌బరీ సమీపమున కూలిజనము ఒక నూర్పిడిమరను విఱుగగొట్టిరి. అది మొదలుగా ఆ యేటి శీతకాలమంతయు దక్షిణ ఇంగ్లండు గ్రామములలో నూర్పిడిమరలు ముక్కలైనవి, గడ్డివాములు తగులబడినవి. "కెప్టెన్ స్వింగ్" అను కల్పితనామముతో బెదిరింపు జాబులు వచ్చుటచేత దానికి స్వింగు అలజడి యను పేరు కలిగెను. ప్రభుత్వము 19 మందిని ఉరితీయించెను. నాలుగువందలకు పైబడినవారిని ఓడలకెక్కించి ఆస్ట్రేలియాకు ద్వీపాంతరము పంపెను.

అదే ఋతువులో పుట్టిన గడ్డికోతమరపై కూలివారి కోపము మరలకుండుట ఎట్లు? నాకు తోచిన కారణము నిది. కోతకాలము ముగిసిన పిమ్మట చలినెలలలో కూలివానికి నూర్పిడియే కూడు పెట్టెడిది. నూర్పిడిమర ఆ కూటిని లాగికొన్నది. మేడముందరి పచ్చికకోత ఆ విధమైనది కాదు. అది కొందఱు కొలువుగాండ్రు వేసవిలో చేయు పని. మర వచ్చినను వారిలో పలువురకు తోటలో వేరుపనులు దొరకెడివి. ఒకే కాలమున, ఒకే దేశమున రెండు మరలు బయలుదేరినవి. ఒకటి బీదవాని చలికాలపు గంజిని తాకెను. రెండవది దొరగారి పచ్చికను తాకెను. యంత్రమును నిందించువారును పొగడువారును ఈ తారతమ్యమును గుర్తింపక వాదించుచుందురు. అందుచేతనే వారి వాదములు తెగవు.

బడ్డింగ్ 1846లో కాలధర్మము నొందెను. స్క్రూతో బిగించు స్పానరును గూడ నిర్మించినవాడు. మరలను విప్పి బిగించు ప్రతివాడును ఆతనికి కొంత ఋణపడియే యున్నాడు.

ఆతని మరకు రెండు దోషములు. బరువెక్కువ; పోత యినుప పండ్లచక్రముల గోల యెక్కువ. స్కాట్లండులో ఆర్‌బ్రోతు పట్టణమున అలెగ్జాండరు షాంక్సు 1842లో గుఱ్ఱపుపిల్ల లాగు వెడల్పుమరకు పేటెంటు పొందెను. గిట్టలు పచ్చికను త్రొక్కి గుంటలు చేయకుండ గుఱ్ఱమునకు తోలుజోళ్లు తొడిగెడివారు! కాలినడకను ఆంగ్లేయులు పరిహాసముగ "షాంక్సు గుఱ్ఱము" అందురు. ఈ మరనుండియే ఆ పలుకుబడి పుట్టినదని కొందఱు వ్రాసిరి. అది పొరపాటు. షాంక్సు అనగా పిక్కలు. ఆ మాట అంతకు పూర్వమే స్కాట్లండులో వాడుకలో నుండెను. ఇక గోలను తగ్గించినవాడు లీడ్సు నగరపు టామస్ గ్రీను. 1859లో ఆతడు పండ్లచక్రములకు మారుగా గొలుసును వాడి, తన మరకు లాటినుభాషలో "సైలెన్సు మెస్సారు" అని నామకరణము చేసెను. మౌనముగ కోయువాడని దాని యర్థము. గొలుసు మౌనముగ నుండునా యని మీరు నవ్వవచ్చును. పోత యినుప పండ్లతో పోల్చినప్పుడు అది మౌనమే.

ఇక బెల్టు సంగతి. ఒక చక్రపు త్రిప్పటను వేరొక చక్రమునకు త్రాటితో అందించుట మిక్కిలి ప్రాచీనవిద్య. చీనాదేశమున క్రీస్తుకు పూర్వమే పట్టుదారమును కండెలకు చుట్టు సాధనములలో నిది యుండెను. మన యింటి రాట్నమును చూడుడు. పెద్దచక్రము మీదుగా పోయిన త్రాడు కదురును చుట్టివచ్చును. చక్రము ఒకసారి తిరుగుసరికి కదురు ఎన్నో చుట్లు తిరుగును. త్రాడు వదులైనచో కదురు నిలిచిపోవును. అతిగా బిగిసినచో చక్రము బరువై చేయి నొచ్చును. పొందూరు స్త్రీలకు ఈ శాస్త్రమును ఎవ్వరును పుస్తకమునుండి చెప్పలేదు. నేడు మరలకు చెప్పబోవు బెల్టుసూత్రమంతయు ఆ రాట్నపుత్రాటిలో ఇమిడియున్నది.

నూలుమిల్లులు వెలసిన తొలినాళ్లలో ఇంగ్లండువారు నిట్రాడు షాఫ్టులతోను, పండ్లచక్రములతోను శక్తిని అంతస్తులకు ఎక్కించిరి. అమెరికాలో లోవెల్ పట్టణమున పాల్ మూడీ యనువాడు 1828లో వెడల్పైన తోలుబెల్టులను ప్రవేశపెట్టెను. అవి చౌక, గోల తక్కువ, ఎచటనైన ఏదేని చిక్కుకొన్నచో పండ్లు విఱుగుటకు బదులు తోలు జారి మరను కాచును. ఈ జారుటయే బెల్టుయొక్క దోషము, ఇదియే దాని గుణము. ఒకే యింజను, పైకప్పు క్రింద ఒకే పొడవైన షాఫ్టు, దానినుండి మరమరకు దిగు తోలువారు: ఈ యేర్పాటు లోకమంతట వ్యాపించెను. మన గోదావరి, కృష్ణా మండలముల వడ్లమరలును ఈ తీరుననే చిరకాలము నడచినవి.

మనకిది గ్రంథముల మాట గాదు. నా బాల్యమున మా గ్రామమునకు దగ్గఱనే యొక వడ్లమర యుండెడిది. చమురుఇంజను చప్పుడు ప్రొద్దుననే వినబడెడిది. హల్లరుకు పోవు బెల్టు జారి క్రిందపడినప్పుడెల్ల ఇంజనును ఆపుట యెందుకని, తిరుగుచున్న కప్పిమీదికే దానిని కఱ్ఱతోగాని చేతితోగాని ఎక్కించెడివారు. అందు ఆరితేరినవానిని ఊరంతయు మెచ్చుకొనెడిది. అట్టివాడే యొకనాడు కండువాకొస బెల్టులో చిక్కుకొని కుడిచేతిని మోచేతివరకు పోగొట్టుకొనెను. అటుతరువాత ఆ మరలోనే బస్తాలకు కావలి కూర్చుండెడివాడు. పిల్లలము ధాన్యము తీసికొని పోయినప్పుడు ఎడమచేతితో చీటీ వ్రాసి యిచ్చెడివాడు.

ఇట్టివి ఒక్క ఊరికి పరిమితము గావు. మరల షాఫ్టులకు, కప్పులకు కంచెలు కట్టవలయునని బ్రిటనునందు 1844లో చట్టము చేసిరి. మనదేశమున 1881 నాటి ఫ్యాక్టరీల చట్టమందును కంచెల ప్రసక్తి వచ్చెను. స్వాతంత్ర్యానంతరము 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టము 22వ సెక్షనును చదివినవారికి అందలి ప్రతిపదము వెనుక ఎవరిదో చేయి కనబడును. నడుచుచున్న మరను పరీక్షింపవలసివచ్చినచో ప్రత్యేకముగ శిక్షణ పొందిన వయోజనుడే, ఒంటికి బిగియైన దుస్తులు ధరించియే ఆ పని చేయవలెనని శాసించిరి. కప్పి తిరుగుచుండగా చేయి పెట్టదగు బెల్టు ఆరంగుళములకు మించిన వెడల్పుది కాకూడదనిరి. పిమ్మట దీనినే 15 సెంటీమీటర్లుగ మార్చిరి. బెల్టు అతుకు త్రాటితో కుట్టినదిగాని బెల్టుతో సమముగ నున్నదిగాని కావలెననియు, కాలూనుటకు గట్టి చోటుండవలెననియు చేర్చిరి. అతుకు పొడుచుకొనియున్నచో కండువాను పట్టుకొనునది అదియే గదా!

బల్లపరుపు తోలుబెల్టు పెద్దమరలకు చాలును గాని చిన్నమరలకు పనికిరాదు. చిన్నకప్పిని చుట్టినప్పుడు దానికి పట్టు చాలదు. పట్టు ఎంత యుండునో 18వ శతాబ్దముననే ఆయిలరు అను గణితజ్ఞుడు లెక్కగట్టెను; 1808లో ఐటెల్వైన్ దానిని ఇంజనీర్ల వాడుకలోనికి తెచ్చెను. బెల్టునకు బిగియైన పక్క ఒకటి, వదులైన పక్క ఒకటి యుండును. కప్పిని సగము చుట్టినప్పుడు, రాపిడి గుణకము 0.3 అనుకొన్నచో, బిగిపక్క లాగుడు వదులుపక్కకు ఇంచుమించు రెండున్నరరెట్ల వరకు ఉండగలదు. అంతకు మించినచో జారును.

రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు పద్ధతిని చార్లెసు గుడ్‌యియర్ 1839లో కనుగొనెను. 1917లో అమెరికాలోని డెన్వరు నగరమున జాన్ గేట్సు రబ్బరుతోను నూలుపేటలతోను అడుగున సన్నముగ, పైన వెడల్పుగ నుండు బెల్టును నిర్మించెను. ఆంగ్లాక్షరము "వీ" ఆకారమున నుండుటచే దానికి వీ-బెల్టు అని పేరు. అది కప్పిమీద కాదు, కప్పి గాడిలో కూర్చుండును. మ్రానును చీల్చు చీలవలె రెండు ప్రక్కగోడల నడుమ దిగి, లాగినకొలది ఇంకను బిగియును. గాడికోణము 40 డిగ్రీలైనచో రాపిడి ఇంచుమించు మూడురెట్లగును. మీదటి లెక్కలో రెండున్నరకు బదులు పదునైదుకు పైగా వచ్చును! ఆచరణలో అంత దొరకదు గాని, చిన్నకప్పితో పెద్దపని చేయించు రహస్యము ఇచటనే యున్నది. అందలి నూలుపేటలకు బదులు తరువాత రేయాను, పాలియెస్టరు వచ్చినవి. 1965లో డూపాంటు కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అను రసాయనశాస్త్రజ్ఞురాలు కనుగొన్న కెవ్లారు జాతి నారను నేడు మేలురకపు కోతమర బెల్టులలో వాడుచున్నారు.

ఈలోపున గడ్డికోతమరకు ఇంజను వచ్చినది. 1893లో లాంకషైరులో జేమ్సు సమ్నరు ఆవిరిమరకు పేటెంటు పొందెను. ఆవిరి పుట్టువరకు తోటమాలి కాచుకొని కూర్చుండవలసివచ్చెడిది. 1902లో రాన్సమ్సు వారు పెట్రోలుమరను విక్రయించిరి. 1952లో ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరమున మెర్విన్ విక్టరు రిచర్డుసను తన యింటి గరాజులో "విక్టా" మరను నిర్మించెను. నేలకు సమాంతరముగ గిఱ్ఱున తిరుగు కత్తి. మొదటి నమూనాకు పెట్రోలు తొట్టి పీచుపండ్ల డబ్బా. స్వింగు అలజడిలో కూలివారిని పంపిన ఆ ఖండమే పచ్చికకోతకు ఇట్లు క్రొత్తదారి చూపినది. ఆ మరలో కత్తి ఇంజనుకే తగిలియుండుటచే బెల్టు లేదు. తనంత తాను నడచు మరలలోను, మనిషి కూర్చుండి నడపు పెద్దమరలలోను మాత్రము వీ-బెల్టు రాజ్యము చేసెను. పెద్దమరలో ఒక బెల్టు వెనుకచక్రములకు, వేరొకటి క్రింది పళ్లెములోని రెండుమూడు కత్తులకు పోవుట సామాన్యము. స్వీడనునందలి హస్క్‌వర్నావారు 1995లో మనిషి వెంట లేకుండ సూర్యరశ్మితో నడచు మరను చేసిరి. విద్యుత్తుమరలు పెరిగినకొలది కత్తికొక మోటారు చొప్పున అమర్చుచున్నారు గాన బెల్టునకు చోటు తగ్గుచున్నది. ఐనను పెట్రోలుమరలు ఇంకను వేలకొలది నడుచుచునే యున్నవి.

అట్టి మర మీ బడిలోనో, ఆసుపత్రి ఆవరణలోనో ఉన్నచో ఈ కొలదిమాటలు మాలికి వినిపింపుడు. మొట్టమొదట ఇంజనును ఆపి, చల్లారనిచ్చి, స్పార్కుప్లగ్గు తీగను ఊడదీసి దూరముగ ఉంచవలెను. కత్తిని చేతితో త్రిప్పినను ఇంజను రగులుకొను నవకాశ మున్నదని మఱువరాదు. వడ్లమరలో చేయి పోగొట్టుకొన్నవాడు చేయనిది ఈ యొక్క పనియే: ఆపుట.

పిమ్మట బెల్టును చూడుడు. ప్రక్కలు అద్దమువలె మెరయుచున్నచో అది జారి వేడెక్కినదని గుర్తు. అడుగున పగుళ్లు, అంచున నారలు లేచుట, ఒకచోట నలిగియుండుట కనబడినచో బిగించి లాభము లేదు, మార్చవలసినదే. గాడి అడుగు నిగనిగలాడుచున్నచో బెల్టు ప్రక్కలతో పట్టక అడుగుకు దిగినదన్నమాట. బెల్టో కప్పియో అరిగినది. కప్పులు రెండును ఒకే వరుసలో నున్నవో లేవో ఒక దారమును చాచి పట్టి చూచిన తెలియును. వంకరగా నున్నచో ఎన్ని క్రొత్తబెల్టులు వేసినను ఒకవైపే అరిగి తెగును.

బిగువును వ్రేలితో నొక్కి చూడవలెను. కప్పికిని కప్పికిని నడుమగల నిడివిలో అంగుళమునకు అంగుళములో 64వ వంతు చొప్పున దిగవచ్చునని పనివారి కొలత. నడిమి నిడివి 16 అంగుళములైనచో పావంగుళము. అంతకు ఎక్కువ దిగినచో ఇంజనును గాని బిగింపుకప్పిని గాని జరిపి బిగింపవలెను. అతిబిగువు అంతకన్న చేటు. బెల్టుతోపాటు బేరింగులు పోవును, వాని వెల బెల్టువెలకంటె ఎక్కువ. కొన్ని మరలలో స్ప్రింగు ఆ బిగువును తానే చూచుకొనును. మీట లాగినప్పుడు బిగింపుకప్పి బెల్టును నొక్కి కత్తిని తిప్పును, విడిచినప్పుడు వదులుచేయును. అట్టిచోట సాగిన తీగను, అలసిన స్ప్రింగును పరీక్షింపవలెను గాని బెల్టును నిందింపరాదు. బెల్టు జారిపోకుండ కప్పిచుట్టు ఉండు సన్నని ఇనుపకొక్కెములు వంగినవేమో కూడ చూడుడు.

నూనె బెల్టుమీద పడరాదు. రబ్బరు ఉబ్బి మెత్తబడును. జారుచున్నదని జిగురుమందు పూయువారు కలరు. అది జ్వరమునకు గంధము పూయుటవంటిది. క్రొత్తబెల్టును స్క్రూడ్రైవరుతో మెలిపెట్టి ఎక్కించినచో లోని పేటలు తెగును, పైకి కనబడదు. బిగింపును వదలించి మెల్లగా గాడిలో దింపవలెను. పాతబెల్టు సాగియుండును గాన దాని కొలతతో క్రొత్తది కొనరాదు. మరతో వచ్చిన పుస్తకములోని అంకెను బట్టి కొనవలెను. క్రొత్తది మొదటి రోజుననే కొంత సాగి, గాడిలో కుదురుకొనును. కాబట్టి ఒకటి రెండు గంటలు పనిచేయించి, మరను ఆపి, ప్లగ్గుతీగను మరల ఊడదీసి, ఇంకొకసారి వ్రేలితో నొక్కి చూడుడు.